రాయసము నుండి రణరంగమునకు

క్రీస్తుపూర్వము 318వ సంవత్సరమున, ఆసియా మైనరు దక్షిణతీరమందలి సిలీషియాలో ఒక విచిత్రమైన కొలువు జరుగుచుండెను. సైనికుల పాళెము నడుమ ఒక గొప్ప డేరా. డేరాలో బంగారు సింహాసనము. దానిపై రాజచిహ్నమైన తలపట్టము, రాజదండము, ఆయుధములు. ఎదుట అగ్నివేదిక. సేనానులు ఒక్కొక్కరే వచ్చి, బంగారు పేటికలో నుండి సాంబ్రాణి తీసి నిప్పులపై చల్లి, దేవునికి మ్రొక్కినట్లు ఆ సింహాసనమునకు మ్రొక్కి, తమ తమ పీఠములపై కూర్చుండి రాచకార్యములను చర్చించుచుండిరి. సింహాసనముపై మాత్రము ఎవరును లేరు. దానిపై కూర్చుండవలసిన అలెగ్జాండరు మరణించి అప్పటికి ఐదేండ్లు గడచినవి.

తెలుగు పాఠకునకు ఇచట పాదుకాపట్టాభిషేకము జ్ఞప్తికి రాక తప్పదు. కాని భరతుడు అన్న తిరిగివచ్చునను నమ్మకముతో పాదుకలను పూజించెను. సిలీషియాలోని ఆ డేరాలో అట్టి నమ్మకము ఎవరికిని లేదు. ఒకరి నొకరు సహింపలేని సేనానులను ఒకచోట కూర్చుండబెట్టుటకు చనిపోయిన రాజు తప్ప వేరు దిక్కు లేకపోయెను. ఈ ఉపాయమును పన్నినవాడు యుమెనీస్. అతడు మాసిడోనియావాడు కాడు, గ్రీకుడు. పుట్టుకచేత యోధుల వంశమువాడు కాడు, వృత్తిచేత రాయసగాడు. ఇరువది యేండ్లు కలము పట్టి, నలుబదవ యేట ఖడ్గము పట్టి, మరి యేడేండ్లలోపల తన కాలపు మహాసేనానులలో ఇద్దరిని రణమున కూల్చి, మూడవవానిని ముప్పుతిప్పలు పెట్టినవాడు.

యుమెనీస్ క్రీ.పూ. 362 ప్రాంతమున కార్డియా అను గ్రీకు పట్టణమున జన్మించెను. నేటి తుర్కీ దేశములో గలిపోలి అని పిలువబడు ద్వీపకల్పపు మెడవద్ద ఆ పట్టణము ఉండెడిది. తండ్రి పేరు హైరోనిమస్. అతడు పేదరికముచేత బండి తోలుకొని బ్రదికెనని ఒక కథ కలదు. పగవారు పుట్టించిన కథ యని దీనిని త్రోసివేయుటయే న్యాయము. మాసిడోనియా ప్రభువగు ఫిలిప్పునకు, ఆ కుటుంబమునకు అతిథిమైత్రి యుండెనని ప్లూటార్కు నమ్మినాడు. ఇరువదవ యేట యుమెనీస్ ఫిలిప్పు కొలువులో లేఖకుడుగా చేరెను.

ఆ కొలువు సామాన్యమైనది కాదు. ఫిలిప్పునకు భార్యలనేకులు. వారిలో ఒలింపియాస్ ఎపిరస్ రాజపుత్రిక, అలెగ్జాండరు తల్లి, తీవ్రస్వభావము గలది. 337లో ఫిలిప్పు మరల ఒక మాసిడోనియా కన్యను పెండ్లాడినప్పుడు తండ్రికొడుకులు విందులోనే కత్తులు దూసుకొనువరకు వచ్చిరి. మరుసటి యేట కూతురు క్లియోపాత్ర వివాహోత్సవములో, ప్రజలందరు చూచుచుండగా, ఫిలిప్పు తన అంగరక్షకునిచేతనే పొడువబడి చనిపోయెను. యుమెనీస్ ఏడేండ్లు ఈ యింటి ఉత్తరములను వ్రాసెను. ఎవరు ఎవరికి ఏమి వ్రాసిరో, ఎవరు దేనికి భయపడిరో ఎరిగినవారిలో అతడొకడు. రాచయింట ప్రాణముతో నిలువవలెనన్న, చూచినదంతయు చెప్పరాదను పాఠము అచటనే అతనికి అబ్బియుండును.

అలెగ్జాండరునకు అతడు ప్రధాన లేఖకుడయ్యెను. రాజుయొక్క ప్రతిదినచర్యను వ్రాసి యుంచు దండకవిలె అతని అధీనములో నుండెను. పదమూడేండ్లు, నైలునది మొదలు పంచనదము వరకు, ఆ కవిలెలతో అతడు రాజు వెంట నడచెను. అతని రూపమును వర్ణించినవారు, యుద్ధములలో రాటుదేలిన మనిషివలె కాక నాజూకుగా, యౌవనము చెడక, శిల్పి చెక్కినట్లు సమమైన అవయవములతో నుండెనని చెప్పిరి. గొప్ప వక్త కాడు. కాని నెమ్మదిగా మాటలాడి ఎదుటివాని మనస్సు త్రిప్పగల నేర్పు వానికి కలదు.

అతని దుర్గుణము ధనాశ. దానిని గూర్చి ఒక ముచ్చట కలదు. సింధునది ముఖద్వారము నుండి నియార్కస్‌ను ఓడలతో సముద్రయానమునకు పంపదలచినప్పుడు రాజుగారి బొక్కసము ఖాళీగా నుండెను. అలెగ్జాండరు మిత్రులను అప్పు అడిగెను. యుమెనీస్‌ను 300 టాలెంట్లు అడుగగా అతడు 100 మాత్రమే ఇచ్చి, అవియు తన గుమాస్తాలు నానాకష్టములు పడి కూర్చినవే యని విన్నవించుకొనెను. రాజు ఏమియు అనలేదు, డబ్బు పుచ్చుకొనలేదు. రహస్యముగా వాని డేరాకు నిప్పు పెట్టించెను. దాచినది బయటకు మోయునప్పుడు పట్టుకొందమని రాజు ఎత్తు. డేరా అనుకొన్నదానికంటె త్వరగా కాలిపోయినది. బూడిదలో కరగి ముద్దగట్టిన వెండిబంగారములు వేయి టాలెంట్లకు పైగా దొరికినవి. వానితోపాటు రాచకాగితములన్నియు కాలిపోయినవి. నవ్వులాటకు చేసిన పనివలన నష్టము రాజునకే కలిగెను. అలెగ్జాండరు ఆ సొమ్ము ముట్టక, రాష్ట్రాధిపతులకందరికి ఉత్తరముల ప్రతులను తిరిగి పంపుడని ఆజ్ఞలు వ్రాయించెను.

అతడు మొదట సేనను నడపినది మన దేశములోనే యగుట గమనింపదగినది. 326లో పంజాబునందలి సాంగల దుర్గము పడిన తరువాత, దానితో కలిసి తిరుగబడిన రెండు పట్టణములకు అభయము చెప్పుటకై అలెగ్జాండరు 300 మంది అశ్వికులనిచ్చి యుమెనీస్‌ను పంపెను. సాంగలలో జరిగిన వధ ముందే తెలిసి ఆ పట్టణవాసులు ఇండ్లు విడచి పారిపోయిరి. రాయసగాని మొదటి దండయాత్ర పోరాటము లేకయే ముగిసెను. పిదప జీలం నదిపై నౌకాదళమును సిద్ధపరచినపుడు ఒక్కొక్క ఓడ ఖర్చును భరించిన ప్రముఖులలో అతని పేరు కూడ కనబడుచున్నది.

రాజునకు ప్రాణమిత్రుడగు హెఫేస్టియానునకు, యుమెనీస్‌నకు పడదు. యుమెనీస్ కొరకు సేవకులు చూచియుంచిన విడిదిని హెఫేస్టియాన్ ఒక పిల్లనగ్రోవివాయిద్యకానికి ఇప్పించెనట. అది మొదలు మాట మాట పెరిగినది. 324లో హెఫేస్టియాన్ అకస్మాత్తుగా చనిపోయినప్పుడు, అతనిని ద్వేషించినవారిని రాజు అనుమానముతో చూచుచుండెను. యుమెనీస్ వెంటనే మృతునికి గొప్ప గౌరవములు చేయవలెనని తానే సూచించి, సమాధికి ధారాళముగా ధనమిచ్చెను. అగ్నిలో కూడ 100 టాలెంట్లకు మించి విదల్చని చేయి అప్పుడు తెరచుకొనెను! ఆ సంవత్సరమే సూసానగరములో అలెగ్జాండరు తన సేనానులకు పారసీక కన్యలనిచ్చి సామూహికముగా వివాహములు చేయించెను. యుమెనీస్‌నకు ఆర్టబాజస్ కుమార్తెయగు ఆర్టోనిస్ దక్కెను. హెఫేస్టియాన్ మరణానంతరము సేనలో మార్పులు జరిగి ఒక అశ్వికదళమునకు కూడ అతడు నాయకుడయ్యెను.

323 జూన్ నెలలో బాబిలోనులో అలెగ్జాండరు మరణించెను. వారసుడు లేడు. భార్య రొక్సానా గర్భవతి. సవతిసోదరుడు అరిడేయస్ మతిస్థిమితము లేనివాడు. పదాతులు అరిడేయస్‌నే రాజనిరి. అశ్వికులు, ప్రముఖులు శిశువు పుట్టువరకు ఆగవలెననిరి. రాజు శవము లోపల నుండగనే వారు కత్తులు దూసుకొనిరి. పెర్డికాస్ నాయకత్వమున ప్రముఖులు నగరము విడచి పోగా, యుమెనీస్ లోపలనే ఉండిపోయెను. పరదేశినగు నాకు మాసిడోనియావారి తగవులతో పనియేమి యను ధోరణితో ఇరుపక్షములతోను మాటలాడి పదాతులను శాంతపరచెను. అతని జీవితములో పరదేశీయత అతనికి మేలు చేసిన సందర్భములు తక్కువ. వానిలో ఇది మొదటిది. చివరకు అరిడేయస్‌ను, పుట్టిన శిశువును జంటరాజులుగా నిలిపి పెర్డికాస్ పరిపాలకుడయ్యెను.

రాజ్యము పంచుకొన్నప్పుడు యుమెనీస్ వంతునకు కప్పడోషియా, పాఫ్లగోనియా వచ్చినవి. కాగితముపై మాత్రమే. ఆ దేశమును అలెగ్జాండరు జయింపలేదు. అరియరాథెస్ అను రాజు దానిని పట్టుకొని కూర్చుండెను. సేనతో పోయి దానిని యుమెనీస్‌నకు ఇప్పించవలెనని లియోనాటస్‌నకు, యాంటిగోనస్‌నకు ఆజ్ఞలు పోయినవి. ఒంటికన్ను యాంటిగోనస్ ఆ ఆజ్ఞను లక్ష్యపెట్టలేదు. లియోనాటస్ వచ్చెను, కాని ఒకనాడు యుమెనీస్‌ను నమ్మి తన గుట్టు విప్పెను. అలెగ్జాండరు చెల్లెలు క్లియోపాత్ర తన్ను పెండ్లాడ పిలిచినదనియు, మాసిడోనియా సింహాసనము తానే ఎక్కదలచితిననియు ఉత్తరములు చూపెను. యుమెనీస్ ఆ రాత్రియే 300 మంది అశ్వికులతో, 200 మంది సాయుధ పరిచారకులతో, 5000 టాలెంట్ల విలువగల బంగారముతో పాళెము విడచిపోయి, పెర్డికాస్‌ను చేరి సంగతి చెప్పెను. గుట్టు దాచుట ఎరిగిన లేఖకుడు ఈ గుట్టును ఏల దాచలేదు? రాజవంశముపై భక్తి అని కొందరు, పెర్డికాస్ గెలుచునను లెక్క అని కొందరు. పరదేశికి రాజవంశమే గొడుగు. ఆ గొడుగు విరిగిన నాడు మాసిడోనియా ప్రభువులలో ఎవడును వానిని తన సాటివానిగా చూడడు. కనుక భక్తియు, లెక్కయు అతని విషయములో ఒకే దారిని చూపినవి.

322లో పెర్డికాస్ తానే దండెత్తివచ్చి అరియరాథెస్‌ను చంపి కప్పడోషియాను యుమెనీస్‌నకు అప్పగించెను. యుమెనీస్ అచటి ప్రజలకు పన్నులు తగ్గించి, గుఱ్ఱములు కొని ఇచ్చి, కొలది కాలములోనే 6300 మంది అశ్వికులను తయారుచేసెను. మాసిడోనియా పదాతుల మాట కాదనుటకు తనకొక బలము ఉండవలెనని అతడు గ్రహించెను.

ఆ బలము త్వరలోనే అవసరమయ్యెను. పెర్డికాస్‌నకు రెండు సంబంధములు వచ్చినవి: మాసిడోనియాను ఏలుచున్న వృద్ధ యాంటిపేటరు కుమార్తె నికేయా ఒకతె, ఒలింపియాస్ పంపగా వచ్చిన క్లియోపాత్ర రెండవది. యుమెనీస్ క్లియోపాత్ర పక్షము వాదించి సార్డిస్ నగరమునకు కానుకలు మోసెను. ఈ గుట్టు యాంటిగోనస్ ద్వారా యాంటిపేటరునకు తెలిసెను. యుద్ధము వచ్చినది. పెర్డికాస్ ఈజిప్టుపైకి పోవుచు, యూరపు నుండి దాటివచ్చు శత్రువును ఆపు భారమును యుమెనీస్‌పై పెట్టెను. తోడుగా ఇచ్చినవారిలో ఒక డాలుదళపు నాయకుడు నియోప్టాలెమస్. అలెగ్జాండరు వెంట తాను డాలు, బల్లెము పట్టి నడచితే యుమెనీస్ గంటము, పలక పట్టి నడచినాడని ఎగతాళి చేసినవాడు ఇతడే. ఇతడు శత్రువుతో మంతనములాడుచు పట్టుబడి, యుద్ధములో ఓడి, 300 మంది అశ్వికులతో క్రాటెరస్ వద్దకు పారిపోయెను.

క్రాటెరస్ అనగా సామాన్యుడు కాడు. అలెగ్జాండరు తరువాత మాసిడోనియా సైనికులు ప్రాణముకంటె ఎక్కువగా ప్రేమించినది ఆతనినే. అతని టోపీ కంటబడినచో చాలును, ఎదుటి పక్షమువారు ఆయుధములతో సహా వచ్చి చేరుదురని నియోప్టాలెమస్ అతనికి నచ్చచెప్పెను. అది నిజమే. యుమెనీస్‌నకు కూడ తెలియును. కనుకనే అతడు ఎదుటివాడు క్రాటెరస్ అను మాటను తన సైన్యమునుండి దాచెను. నియోప్టాలెమస్ మరల వచ్చుచున్నాడని మాత్రమే ప్రకటించెను. క్రాటెరస్ ఉండు వైపున ఒక్క మాసిడోనియనును కూడ నిలుపక, పరదేశి అశ్వికులను రెండు దళములుగా నిలిపి, ఎదుటివారు కనబడిన తక్షణమే మాటలకు తావీయక పైబడుడని ఆజ్ఞాపించెను. అతడు కలగన్నాడని, కలలో ఇద్దరు అలెగ్జాండరులు పోరాడగా డిమీటరు దేవత పక్షమువాడు గెలిచెనని, అందువలన సైనికులు ధాన్యపు వెన్నులు తలకు చుట్టుకొనిరని చెప్పుదురు.

యుద్ధములో క్రాటెరస్ గుఱ్ఱముపైనుండి పడి, గుర్తించువారు లేక తొక్కబడి కొనయూపిరితో నుండెను. రెండవ వైపున యుమెనీస్, నియోప్టాలెమస్ ఒకరినొకరు గుర్తించి పైబడిరి. గుఱ్ఱములు ఢీకొన్నవి. ఇద్దరును కళ్లెములు వదలి కలియబడి నేలబడిరి. నియోప్టాలెమస్ ముందు లేచునంతలో యుమెనీస్ వాని మోకాలి వెనుక నరము నరికెను. మోకాళ్లపై నిలిచి పోరాడిన వానిని మెడపై కొట్టి కూల్చెను. చనిపోయినాడనుకొని తిట్టుచు ఆయుధములు ఊడదీయుచుండగా, నియోప్టాలెమస్ చేతనింకను ఉన్న కత్తి యుమెనీస్ కవచము క్రింద గాయము చేసెను. గంటము పట్టిన చేతితో బల్లెము పట్టిన చేయి ఓడినది. అతడు పిదప గుఱ్ఱమెక్కి క్రాటెరస్ వద్దకు పోయి, ఇంకను ప్రాణముండుట చూచి, దిగి వానిచేయి పట్టుకొని విలపించెను. వారిద్దరును పాత మిత్రులు.

విజయము కొంపముంచినది. ఈ వార్త చేరుటకు రెండు దినములు ముందుగా ఈజిప్టులో పెర్డికాస్ స్వసేనానులచేతనే హతుడయ్యెను. ముందే చేరియున్నచో వాని ప్రాణము నిలిచెడిదని చెప్పుదురు. ఇప్పుడు క్రాటెరస్ మరణవార్త విని మాసిడోనియా సైనికులు మండిపడిరి. ఒక గ్రీకు లేఖకుడు తమ వీరుని చంపించెనా? సభచేసి యుమెనీస్‌నకు మరణశిక్ష విధించిరి. దానిని అమలు జరుపు పని యాంటిగోనస్‌నకు అప్పగింపబడెను.

మరణశిక్ష పడినవాడు ఏమి చేయును? ఈడా పర్వతమువద్ద రాజుగారి గుఱ్ఱపుమందలు ఉండగా, తనకు కావలసినవి తీసికొని, లెక్కకు సరిగా చీటి వ్రాసి అధికారులకు పంపెను. ఈ సంగతి విని యాంటిపేటరు నవ్వెనట. రాజద్రోహియైనను యుమెనీస్ ఎప్పటికైన లెక్క అప్పగించదలచినాడే యని. నవ్వినవాడు అందలి అర్థమును గ్రహించెనో లేదో. యుమెనీస్ తన్ను తాను రాజద్రోహిగా ఎన్నడును భావింపలేదు. అతడు రాజుగారి లేఖకుడు. రాజుగారి గుఱ్ఱములకు లెక్క ఉండవలెను.

319లో కప్పడోషియాలో ఒక అశ్వికనాయకుని ద్రోహమువలన అతడు యాంటిగోనస్ చేతిలో ఓడెను. ద్రోహిని పట్టి ఉరితీసి, గెలిచినవాని కన్నుగప్పి యుద్ధభూమికే తిరిగివచ్చి, చుట్టుప్రక్కల పల్లెలలోని ఇండ్ల తలుపులు తెప్పించి చితులు పేర్చి తన సైనికుల శవములను దహింపజేసెను. తరువాత సేనను చాలవరకు పంపివేసి, సుమారు 700 మందితో నోరా అను కొండకోటలో దాగెను. కోట చుట్టుకొలత రెండు స్టేడియములు, అనగా అరమైలుకంటె తక్కువ. ధాన్యము, ఉప్పు, నీరు తప్ప మరేమియు లేదు. వంతులవారీగా అందరిని తన పంక్తికి పిలిచి, కూరకు బదులు కబుర్లు వడ్డించెను. కదలుటకు చోటులేక మనుష్యులు, గుఱ్ఱములు చెడిపోవునను భయము పట్టుకొనెను. పదునాలుగు మూరల పొడవుగల ఒక యింటిని మనుష్యులు నడచుటకు కేటాయించెను. గుఱ్ఱములకు మెడక్రింద పట్టెడలు కట్టి, కప్పీలతో ముందరికాళ్లు నేల తాకీ తాకనట్లు పైకి లాగించి, వెనుకనుండి అదలించి చెమటలు పట్టువరకు తన్నులాడించెను.

ముట్టడిలోనే ఒకనాడు యాంటిగోనస్ వానిని మాటలకు పిలిచెను. తన్ను అధికునిగా సంబోధింపవలెననగా, చేత కత్తి ఉన్నంతవరకు తనకంటె అధికుడు లేడని యుమెనీస్ జవాబు పంపి, యాంటిగోనస్ తమ్ముని కుమారుని తాకట్టుగా కోటలోనికి రప్పించుకొని, అటుపై దిగివచ్చెను. ఎదురుపడినప్పుడు ఇద్దరును కౌగిలించుకొనిరి. ఫిలిప్పు కాలమునాటి స్నేహితులు కదా. క్రాటెరస్‌ను చంపిన మనిషి ఎట్లుండునో చూడవలెనని మాసిడోనియనులు క్రిక్కిరిసి మీదికి రాగా, ఎక్కడ చంపుదురోయని యాంటిగోనస్ తానే రాళ్లు రువ్వి వారిని తరిమి, యుమెనీస్ చుట్టు చేతులు వేసి పొదివికొని బయటపడవేసెను. ఈ దృశ్యమును తరువాతి కథతో కలిపి జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతలో యాంటిపేటరు ముసలితనముచే మరణించెను. అధికారమును కొడుకగు కసాండరునకు కాక పోలిపెర్కాన్ అను మరొక వృద్ధ సేనానికి ఇచ్చిపోయెను. కసాండరు అలిగి యాంటిగోనస్‌తో కలిసెను. యాంటిగోనస్‌నకు ఇప్పుడు సమస్త ఆసియాపై కన్నుపడినది. యుమెనీస్ తోడ్పాటు కావలసివచ్చెను. తనకు విశ్వాసముగా నుండునట్లు ప్రమాణపత్రము వ్రాసి కోటకు పంపెను. దానిలో రాజుల పేరు మొదట నామమాత్రముగా తగిలించి, తక్కినదంతయు తనకే వ్రాయించుకొనెను. యుమెనీస్ ఆ చిత్తును చేతబట్టి సవరించెను. ఒలింపియాస్ పేరు చేర్చెను. రాజుల శత్రువులే తన శత్రువులు, వారి మిత్రులే తన మిత్రులు అని మార్చెను. రెండు చిత్తులను ముట్టడివేసిన మాసిడోనియా సైనికులకే చూపి ఏది న్యాయమని అడుగగా, వారు యుమెనీస్ వ్రాసినదే న్యాయమనిరి. ప్రమాణము చేయించి విడచిపెట్టిరి. యాంటిగోనస్‌నకు తెలియునప్పటికి పక్షి ఎగిరిపోయినది. ఈ కథ ఇట్లే జరిగెనా యని నేటి చరిత్రకారులు కొందరు శంకించుచున్నారు. జరిగియున్నచో, కోటగోడలు చేయలేని పని రెండు వాక్యముల సవరణ చేసినదన్నమాట.

ఒలింపియాస్, పోలిపెర్కాన్, రాజుల పేరిట ఉత్తరములు వచ్చినవి. యుమెనీస్ ఆసియాకు సర్వసేనాని. సిలీషియాలోని బొక్కసము అతని వశము. వెండిడాళ్లవారు అతని ఆజ్ఞకు లోబడవలెను. తాను ఎపిరస్‌లో ఉండుటయా, మాసిడోనియాకు పోవుటయా యని ఒలింపియాస్ సలహా అడిగెను. తొందరపడవలదని, యుద్ధము తేలువరకు ఉన్నచోటనే ఉండుమని అతడు వ్రాసెను. ఆమె వినలేదు.

వెండిడాళ్లవారు 3000 మంది. ఫిలిప్పు కాలమునుండి యుద్ధములు చేసినవారు. అరువది యేండ్లకు తక్కువవాడు వారిలో లేడని, డెబ్బది యేండ్ల ప్రాంతమువారే పెక్కుమందియని డయోడోరస్ వ్రాసినాడు. వారి నాయకులు యాంటిజెనిస్, ట్యూటమస్. మరణశిక్ష పడిన పరదేశి గుడారమునకు పోయి చేతులు కట్టుకొని నిలుచుటకు వారికి మనసొప్పలేదు. వారిని తన గుడారమునకు పిలుచుటకు యుమెనీస్‌నకు ధైర్యము లేదు. వారి గుడారములకు తాను పోవుట ఆత్మహత్య. ఆ సందర్భమున పుట్టినదే అలెగ్జాండరు డేరా. కలలో రాజు కనబడి తన సన్నిధిని సభ జరుపుమని ఆజ్ఞాపించెనని అతడు చెప్పెను. అందరును నమ్మినట్లు ప్రవర్తించిరి.

ఫినీషియాలో ఓడలు కట్టు ప్రయత్నము విఫలము కాగా అతడు తూర్పునకు తిరిగెను. సూసాలో ప్యూకెస్టాస్ మొదలగు తూర్పు రాష్ట్రాధిపతులు తమ సేనలతో వచ్చి కలిసిరి. భారతదేశమునుండి యూడెమస్ 120 ఏనుగులను తోలుకొనివచ్చెను. ఆ ఏనుగులు ఎవరివి? జీలం తీరమున అలెగ్జాండరునకు ఎదురునిలిచి, ఓడియు గౌరవము పొందిన పోరసువి. మనవారు పురుషోత్తముడని పిలుచుకొను ఆ రాజును యూడెమస్ వంచనచే చంపి వానిని అపహరించెను.

ఇంతమంది నాయకులలో ప్రతివాడును సర్వసేనానియే. పెర్సిపోలిస్‌లో ప్యూకెస్టాస్ సేనకంతకు విందుచేసి మనస్సులు దోచుకొన్నప్పుడు, యుమెనీస్ తన పాత విద్యను ఆశ్రయించెను. ఆర్మీనియా అధిపతి వ్రాసినట్లు సిరియా లిపిలో ఒక దొంగ ఉత్తరము సృష్టించెను. కసాండరు చచ్చెనని, ఒలింపియాస్ రాజ్యమేలుచున్నదని, పోలిపెర్కాన్ ఏనుగులతో ఆసియాకు దాటెనని అందులో నుండెను. ఒక్కటియు నిజము కాదు. సేన అంతయు మరల అతని వైపు తిరిగెను. తరువాత తన్ను ఎక్కువగా ద్వేషించువారిని ఏరి వారివద్ద అప్పులు చేసెను. మొత్తము 400 టాలెంట్లు. లోకములో అప్పులిచ్చినవానిని చూచి పుచ్చుకొన్నవాడు జడియును. ఇచట ఋణదాతలే తమ సొమ్ము చావకుండ ఋణగ్రస్తుని ప్రాణమునకు కాపలా కాసిరి.

317లో కోప్రాటిస్ నదివద్ద యాంటిగోనస్ సేనలో 4000 మంది బందీలుగా చిక్కిరి. ఆ శరత్కాలమున పరైటకీనీ ప్రాంతమున పెద్ద యుద్ధము జరిగెను. అప్పుడు యుమెనీస్ జ్వరముతో డోలీలో పడియుండెను. శత్రువు కనబడగనే సైనికులు నిలిచిపోయి, అతడు వచ్చినగాని అడుగు వేయమనిరి. డోలీ తెరలు తొలగించి అతడు చేయి చాచగా, డాళ్లపై బల్లెములు మ్రోగించి కేకవేసిరి. నాటిపోరులో యాంటిగోనస్ వైపున 3700 మంది పదాతులు చావగా ఇటువైపున చనిపోయినవారు 540 మంది.

చనిపోయినవారిలో కెటియస్ అని గ్రీకులు వ్రాసిన ఒక భారతీయ నాయకుడు ఉండెను. అతని భార్యలిద్దరును పాళెములోనే యుండిరి. సహగమనము చేయు హక్కు నాదనగా నాదని వారిద్దరు సేనానుల ఎదుట వాదులాడిరట. పెద్దామె గర్భవతియని మంత్రసానులు తేల్చగా ఆమెను వారించిరి. ఆమె జుట్టు పీకికొని ఏడ్చుచు పోయెను. చిన్నామె నగలన్నియు బంధువులకు పంచి, అన్నదమ్ముడు చేయూతనీయగా చితినెక్కెను. సేన మూడుసార్లు చితికి ప్రదక్షిణము చేసినది. ప్రేక్షకులలో కొందరు మెచ్చిరి. కొందరు గ్రీకులు ఇది క్రూరాచారమని నిందించిరి. మన దేశపు ఆ దురాచారమును గూర్చి విదేశీయులు వ్రాసిన తొలి వృత్తాంతములలో ఇది యొకటి.

శీతకాలములో యుమెనీస్ సేనలు నాయకుల మొండితనమువలన చెల్లాచెదరుగా విడిసియుండగా యాంటిగోనస్ ఎడారి మార్గమున మెరుపువలె వచ్చెను. రాత్రులు మంటలు వేయరాదని ఆజ్ఞ; చలికి తాళలేక సైనికులు వేసిరి. అవి చూచి పసిగట్టిన యుమెనీస్ కొండలపై వరుసగా నెగళ్లు వేయించి, పెద్ద సేన విడిసినట్లు భ్రమ కల్పించి, తనవారిని కూర్చుకొనుటకు వ్యవధి సంపాదించెను. సైనికులు జేజేలు పలికిరి. ఈ జేజేలే నాయకుల గుండెలలో ముండ్లైనవి. రాబోవు యుద్ధమున వానిని వాడుకొని, గెలువగానే చంపుదమని యాంటిజెనిస్, ట్యూటమస్ మొదలగువారు ఆలోచించుకొనిరి. ఈ కుట్రను యుమెనీస్‌నకు తెలిపినది యూడెమస్. ప్రేమచేత కాదు, ఇచ్చిన అప్పు మునుగునను భయముచేత.

ఆ రాత్రి యుమెనీస్ తన గుడారములో మరణశాసనము వ్రాసెను. తరువాత తనవద్దనున్న ఉత్తరములన్నిటిని నాశనము చేసెను. తాను చనిపోయినపిదప ఆ రహస్యములవలన వ్రాసినవారికి ముప్పు రాకూడదని. ఒకనాడు అలెగ్జాండరు వాని కాగితములను పరిహాసమునకు కాల్చి చింతించెను. నేడు వాని కాగితములను వాడే రూపుమాపుకొనెను. పారిపోవుటకు దారులుండెను. ఆర్మీనియాకో, కప్పడోషియాకో పోవలెనని తలచెను గాని పోలేదు.

గబీనీలో యుద్ధభూమి ఉప్పునేల. ఏనుగుల, గుఱ్ఱముల కాళ్లక్రింద తెల్లని దుమ్ము లేచి కన్ను కానరాకుండెను. ఆ మరుగున యాంటిగోనస్ అశ్వికులు కొందరు చుట్టుతిరిగి పోయి యుమెనీస్ సేన సామాను పాళెమును పట్టుకొనిరి. ముందువైపున వెండిడాళ్ల ముసలివారు ఎదుటి పదాతులను 5000 మందిని నరికి, తాము ఒక్కడును చావలేదని వ్రాసియున్నది. ప్యూకెస్టాస్ మాత్రము తన అశ్వికులతో తప్పుకొనెను. సాయంకాలమునకు లెక్క ఇది: యుద్ధము యుమెనీస్ పదాతులు గెలిచిరి, వారి భార్యలు, బిడ్డలు, నలుబదియేండ్ల సంపాదన యాంటిగోనస్ చేతనుండెను.

ట్యూటమస్ రహస్యముగా రాయబారము పంపెను. యుమెనీస్‌ను అప్పగించినచో అన్నియు తిరిగి ఇత్తునని యాంటిగోనస్ బదులు చెప్పెను. మరునాడు వెండిడాళ్లవారు యుమెనీస్ చుట్టుచేరి, కత్తి లాగికొని, వాని నడికట్టుతోనే వాని చేతులు వెనుకకు విరచి కట్టిరి. గెలిచిన సేన తన సేనానిని ఓడినవానికి అమ్మినది. శత్రువుచేతికీయక తమ చేతులతోనే చంపుడని అతడు వారిని ప్రార్థించెను. తక్కిన సైనికులు కన్నీరు పెట్టుకొనిరి. వెండిడాళ్లవారు మాత్రము త్వరగా తీసికొనిపొమ్మని అరచిరి.

యాంటిగోనస్ వానిని చూచుటకు రాలేదు. నోరాకోట క్రింద తన చేతులతో పొదివికాపాడిన మనిషి ముఖమును చూడలేకపోయెనేమో. మొదట బరువైన సంకెలలు వేయించి, తరువాత సడలించెను. కొన్ని దినములు నిర్ణయింపలేక ఊగిసలాడెను. కుమారుడు డెమిట్రియస్, పాత నౌకాధిపతి నియార్కస్ వాని ప్రాణమునకై వేడుకొనిరి. తక్కినవారందరు చంపుమనిరి. తుదకు ఆహారము మాన్పించిరి. రెండుమూడు దినములైన తరువాత, పాళెము హఠాత్తుగా ఎత్తివేయవలసిరాగా, ఒకనిని పంపి చంపించిరి. అప్పటికి యుమెనీస్ వయస్సు 45 సంవత్సరములు. శవమును మిత్రులకిచ్చి దహనము చేయనిచ్చి, అస్థికలను వెండిపాత్రలో పెట్టి భార్యాబిడ్డలకు పంపిరి.

అతడు ఎవరికొరకు పోరాడెనో ఆ రాజవంశము తరువాత ఎక్కువ కాలము నిలువలేదు. ఒలింపియాస్ 317లోనే మాసిడోనియాకు పోయి, అరిడేయస్‌ను, అతని భార్యను చంపించి, తాను పిడ్నాలో ముట్టడిపడి 316లో కసాండరు చేతిలో చనిపోయెను. అలెగ్జాండరు కుమారుడు బాలుడుగనే, 310 ప్రాంతమున, తల్లి రొక్సానాతో కూడ రహస్యముగా చంపబడెను. 306లో యాంటిగోనస్ తానే రాజునని తలపట్టము కట్టుకొనెను. గబీనీలో గాయపడి పట్టుబడిన యుమెనీస్ పట్టణస్థుడు హైరోనిమస్, యాంటిగోనస్ కొలువులో చేరి, ఆ కాలపు చరిత్ర వ్రాసెను. ఆ గ్రంథము నశించినను, దానిని చదివి వ్రాసిన డయోడోరస్, ప్లూటార్కుల వలననే యుమెనీస్ కథ మిగిలినది.

వెండిడాళ్లవారిలో యాంటిజెనిస్‌ను యాంటిగోనస్ గోతిలో వేసి సజీవముగా కాల్పించెను. యూడెమస్‌ను చంపించెను. తక్కిన వృద్ధులను నేటి ఆఫ్ఘనిస్తానములోని అరకోషియా అధిపతి వద్దకు పంపెను. ప్రాణము పోవు పనులకే చిన్న చిన్న గుంపులుగా వారిని వినియోగింపుమని, ఒక్కడైనను మరల గ్రీకు సముద్రమును చూడరాదని వానికి రహస్యముగా ఆజ్ఞ యిచ్చెను.